కలుపు మందు కొట్టని రైతుకి ఇంజినే ఆధారం: పవర్ వీడర్ క్లీనింగ్, మెయింటెనెన్స్



ఈ వారం వీడియోలో పవర్ వీడర్ ఇంజిన్ విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించే పని మొదటి నుంచి చివరి దాకా చూపించాను. చేతులు పనిలో ఉన్నప్పుడు అన్ని మాటలూ చెప్పలేం కదా. అసలు ఈ పని మీద నాకు ఇంత పట్టింపు ఎందుకో వీడియోలో చెప్పలేదు. అదీ, కొలతలూ, జాగ్రత్తలూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ముందు ఇది చదివి, తర్వాత వీడియో చూస్తూ పని మొదలుపెడితే సులువుగా ఉంటుంది.

ఇంజిన్ పట్టేసిన రోజు

మాది నూజివీడు వైపు. మామిడి తోటలో చెట్ల మధ్య ఖాళీలో కూరగాయలు వేస్తాం. నాలుగేళ్ళ కిందట జూన్‌లో తొలకరికి ఎకరం బెండ పెట్టాను. జులైలో వారం రోజులు ముసురు పట్టింది. వాన ఆగి ఎండ కాసేసరికి గరిక, తుంగ, వయ్యారిభామ బెండ మొక్కల కంటే ఎత్తు లేచాయి. అగ్రికల్చర్ డిప్లొమాలో చదువుకున్నదే: పైరు చిన్నగా ఉన్న మొదటి నెలన్నరలో కలుపుని వదిలేస్తే తర్వాత ఎంత చేసినా దిగుబడి తిరిగి రాదు.

అందుకే నేల కాస్త ఆరగానే వీడర్ దింపాను. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదకొండు దాకా ఆపలేదు. పదిన్నర దగ్గర ఇంజిన్ శబ్దం మారింది. లాగుడు తగ్గింది. మాడు వాసన కూడా వచ్చింది. అప్పుడే ఆపాల్సింది. నేనేం చేశానంటే, యాక్సిలరేటర్ ఇంకాస్త పెంచాను. ఇంకో రెండు సాళ్ళు నడిచింది, కీచుమని ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. ఇంజిన్ పట్టేసింది.

మెకానిక్ రెండు రోజుల దాకా ఖాళీ లేదన్నాడు. విప్పాక పిస్టన్, రింగులు పోయాయని, సామాను తెప్పించాలని చెప్పాడు. మొత్తం తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో గడ్డి ఊరుకుంటుందా?

పక్క పొలం బాబాయ్ గట్టు మీద నిలబడి, "ఒరేయ్, ఈ ఒక్కసారికి మందు కొట్టేయరా. నీ ఆవు ఏమీ అనుకోదులే" అన్నాడు. నవ్వుతూ అన్నాడు కానీ, నాకు నవ్వు రాలేదు. అప్పటికి ఆ నేలలో మందు వాడక నాలుగేళ్ళు దాటింది. వానపాములు అప్పుడప్పుడే బాగా కనిపిస్తున్నాయి. నిజం చెబుతున్నాను, ఆ సాయంత్రం బండి తీసుకుని పురుగుమందుల షాపు దాకా వెళ్ళాను. కౌంటర్ దగ్గర పది నిమిషాలు నిలబడ్డాను. చివరికి ఏమీ కొనకుండానే తిరిగొచ్చాను. ఇంటికొచ్చాక అమ్మ తన చీటీ డబ్బులు తీసి, "కూలోళ్ళని పిలువు" అంది. నాట్లు జోరుగా సాగే రోజులు, అడిగినంత మంది దొరకలేదు. దొరికిన వాళ్ళతో ముప్పావు ఎకరం తీయించాం. మిగతా పావు ఎకరం బెండ గడ్డిలో కలిసిపోయింది.

రిపేరు బిల్లు ఎనిమిది వేలు దాటింది. దానికంటే ఆ పది నిమిషాలు షాపు ముందు నిలబడటమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మందు కొట్టే రైతుకి వీడర్ ఆగితే ఇంకో దారి ఉంది. మనకి లేదు. మన మిషన్ ఆగిందంటే మన మాట కూడా ఆగిపోయే పరిస్థితి వస్తుంది. అందుకే జీవామృతం తొట్టి ఎంత ముఖ్యమో ఇంజిన్ శుభ్రం కూడా అంతే ముఖ్యం అంటాను.

తప్పు ఎక్కడ జరిగింది?

మెకానిక్ అన్న నన్ను పక్కన కూర్చోబెట్టి ఇంజిన్ పై రేకు తీశాడు. సిలిండర్ చుట్టూ ఉండే రెక్కలు, అంటే ఫిన్స్, కనిపించనే లేదు. గడ్డి పీచు, మట్టి, ఆయిల్ జిడ్డు కలిసి పిడకలా అతుక్కుని ఉంది. "కలుపు చేలో కాదు తమ్ముడూ, ఇదిగో ఇక్కడ పెరిగింది" అన్నాడు.

మన వీడర్‌కి కారులాగా నీళ్ళ రేడియేటర్ ఉండదు. గాలితోనే చల్లబడుతుంది. తాడు లాగే మూత వెనక ఫ్లైవీల్ ఉంటుంది, దాని మీద ఫ్యాన్ రెక్కలు ఉంటాయి. మూతకున్న జాలీ నుంచి ఫ్యాన్ గాలిని లోపలికి లాగి, రేకు కింద నుంచి సిలిండర్ ఫిన్స్ మీదికి తోస్తుంది. జాలీ మూసుకుపోయినా, ఫిన్స్ మధ్య చెత్త నిండినా ఆ గాలి ఆడదు. ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది. వేడికి ఆయిల్ పలచబడి పిస్టన్‌కి, బోర్‌కి మధ్య ఉండాల్సిన పొర తెగిపోతుంది. పిస్టన్ ఉబ్బి బోర్‌ని పట్టేస్తుంది.

నా విషయంలో ఇంకో తప్పు కూడా ఉంది. ఆయిల్ మార్చి ఎనిమిది నెలలైంది. ఉన్నది సగమే, అదీ తారులా ఉంది. కొన్ని ఇంజిన్లలో ఆయిల్ తగ్గితే దానంతట అదే ఆపేసే ఏర్పాటు ఉంటుంది. నా దాంట్లో అది లేదు. అయినా మిషన్‌ని అనడానికి ఏమీ లేదు. దాంతో వచ్చిన పుస్తకంలో ఇవన్నీ రాసే ఉన్నాయి, నేనే కవర్ కూడా విప్పలేదు.

ఆ తర్వాత కూర్చుని యూట్యూబ్‌లో వెతికితే అమెరికా వాళ్ళ లాన్ ట్రాక్టర్ వీడియోలు దొరికాయి. అక్కడ ఇళ్ళ ముందు పచ్చిక కోయడానికి కూర్చుని నడిపే చిన్న ట్రాక్టర్లు వాడతారు. వాటి ఇంజిన్లు మనవాటి కంటే పెద్దవే అయినా చాలావరకు గాలితో చల్లబడేవే. వాళ్ళకీ ఇదే తిప్పలు: కోసిన గడ్డి ఫ్యాన్ మూత కింద చేరుతుంది. వాడకుండా షెడ్డులో పెట్టినప్పుడు ఎలుకలు అందులోనే గూడు కడతాయి. మన దగ్గర ఎలుకతో పాటు ఉడత కూడా తయారు. పద్ధతి నేను వాళ్ళ వీడియోల్లో చూసి నేర్చుకున్నాను, మన దుమ్ముకి తగ్గట్టు గడువులు తగ్గించుకున్నాను.

ముందు జాగ్రత్తలు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టాలి. సైలెన్సర్ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. రెండోది, స్పార్క్ ప్లగ్ మీద ఉన్న టోపీ పీకి పక్కకి పెట్టాలి. టైన్లకి చుట్టుకున్న గడ్డి తీసేటప్పుడు కూడా ఇది తప్పనిసరి. పొరపాటున ఇంజిన్ తిరిగితే వేళ్ళు పోతాయి. పెట్రోల్ ట్యాప్ మూసేయాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్, పొయ్యి ఏదీ ఉండకూడదు.

మిషన్ ఎత్తాల్సి వస్తే ప్లగ్ వైపు, ఎయిర్ ఫిల్టర్ వైపు పైకి ఉండేలా వంచాలి. ఫిల్టర్ వైపు కిందికి వంచితే క్రాంక్‌కేస్‌లోని ఆయిల్ ఫిల్టర్‌లోకి, కార్బొరేటర్‌లోకి దిగుతుంది. తర్వాత స్టార్ట్ చేస్తే పొగే పొగ.

1. ఫిన్స్ శుభ్రం

రోజూ పని అయ్యాక, ఇంజిన్ చల్లారాక పాత పెయింట్ బ్రష్‌తో జాలీ, సైలెన్సర్ చుట్టుపక్కల, ఫిన్స్ బయటికి కనిపించే చోట దులపాలి. ఐదు నిమిషాల పని. సైలెన్సర్ దగ్గర ఎండు గడ్డి ఉంటే మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

సీజన్‌లో రెండు వారాలకి ఒకసారి తాడు మూత, దాని వెనక రేకు రెండూ విప్పాలి. నా మిషన్‌కి 10 నంబర్ స్పానర్ ఒక్కటి చాలు. బోల్టులు ఏది ఎక్కడిదో మర్చిపోకుండా విప్పకముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఫిన్స్ మధ్య చెత్తని సన్నని వెదురు పుల్లతో గీకి, బ్రష్ వేసి, పంక్చర్ షాపు గాలి ఉంటే కొట్టించాలి. ఇనుప చువ్వతో పొడిస్తే అల్యూమినియం ఫిన్స్ విరుగుతాయి.

నీళ్ళ పైపు మాత్రం పెట్టకండి. వేడి ఇంజిన్ మీద చల్లని నీళ్ళు పడితే లోహం పగుళ్ళు ఇవ్వొచ్చు. చల్లారాక కొట్టినా కార్బొరేటర్‌లోకి, ప్లగ్ టోపీలోకి నీళ్ళు పోతాయి. పైగా నీళ్ళు తగిలిన చెత్త ఎండి ఇంకా గట్టిపడుతుంది. టైన్లు, మడ్‌గార్డులు కడుక్కోండి, ఇంజిన్ మీదికి మాత్రం పైపు తిప్పొద్దు.

2. ఎయిర్ ఫిల్టర్

మన ఎర్ర నేల దుమ్ము ఇంజిన్‌లోకి వెళ్తే ఆయిల్‌తో కలిసి సాన పట్టినట్టు బోర్‌ని అరగదీస్తుంది. మామూలు వాడకంలో ఫిల్టర్‌ని 50 గంటలకి శుభ్రం చేయమంటారు. పొడి దుక్కిలో అంతకాలం ఆగకూడదు. నేను రోజూ మూత తీసి చూస్తాను, దుమ్ము ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ సాయంత్రమే శుభ్రం చేస్తాను.

స్పాంజి ఫిల్టర్ అయితే గోరువెచ్చని సబ్బు నీళ్ళలో పిసికి, మంచి నీళ్ళతో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తర్వాత కొత్త ఇంజిన్ ఆయిల్‌లో ముంచి గట్టిగా పిండేయాలి, మెలిపెట్టకూడదు. ఆయిల్ ఎక్కువ మిగిలితే స్టార్ట్ చేయగానే పొగ వస్తుంది. పెట్రోల్‌తో కడగొద్దు, అది స్పాంజిని పాడుచేస్తుంది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

కాగితం ఫిల్టర్‌ని అసలు తడపకూడదు. గట్టి నేల మీద మెల్లగా తట్టాలి, లేదా లోపలి వైపు నుంచి బయటికి తక్కువ ప్రెషర్ గాలి పట్టాలి. అప్పటికీ నల్లగానే ఉంటే కొత్తది వేయడమే. ఫిల్టర్ తీసేసి "ఈ ఒక్క సాలే కదా" అని నడపడం మాత్రం చేయకండి. ఆ ఒక్క సాలుకే దుమ్ము లోపలికి పోతుంది.

3. ఇంజిన్ ఆయిల్

రోజూ స్టార్ట్ చేసే ముందు ఆయిల్ చూడాలి. మిషన్ చదునైన చోట ఉండాలి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్ళీ పెట్టి చూడాలి. చాలా చిన్న ఇంజిన్లలో మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, మీ మిషన్ పుస్తకంలో ఎలా ఉందో ఒకసారి చదవండి. తక్కువున్నా తప్పే, గీత దాటి పోసినా తప్పే.

200 సీసీ తరగతి ఇంజిన్‌కి దాదాపు 600 మిల్లీలీటర్లు పడుతుంది. సాధారణంగా 10డబ్ల్యూ-30 ఆయిల్ వాడతారు. కొత్త ఇంజిన్‌కి మొదటి 20 గంటలకే మార్చేయాలి, ఎందుకంటే కొత్తలో లోపలి భాగాలు ఒరుసుకుని వచ్చే సన్నని లోహపు పొడి అందులో ఉంటుంది. ఆ తర్వాత 100 గంటలకి లేదా ఆరు నెలలకి, ఏది ముందైతే అది. నేను దుమ్ములో తిప్పుతాను కాబట్టి 50 గంటలకే మారుస్తున్నాను. లీటర్ డబ్బా కొంటే ఒక మార్పుకి పోను ఇంకా మిగులుతుంది. ఎనిమిది వేల బిల్లుతో పోల్చి చూసుకోండి.

రెండు మూడు నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపాక, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు డ్రెయిన్ బోల్ట్ తీస్తే మడ్డి కూడా దిగిపోతుంది. ఆయిల్ కోసం చూసే ఈ పనిలో సైలెన్సర్‌కి చెయ్యి తగలకుండా చూసుకోండి. గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, దాన్నీ అప్పుడే చూసుకోవాలి. ఇంకో మాట: బ్రష్ కట్టర్ టూ స్ట్రోక్ అయితే పెట్రోల్‌లో 2టీ ఆయిల్ కలుపుతాం. ఫోర్ స్ట్రోక్ వీడర్‌కి అలా కలపకూడదు. రెండు మిషన్లూ ఉన్న ఇంట్లో పెట్రోల్ డబ్బాల మీద పెయింట్‌తో రాసి పెట్టుకోండి.

4. స్పార్క్ ప్లగ్

ప్లగ్ విప్పి చూస్తే ఇంజిన్ ఆరోగ్యం తెలిసిపోతుంది. కొన లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, చోక్ సగంలో ఉండిపోయిందేమో చూడండి. ఆయిల్ జిడ్డుగా ఉంటే రింగుల సంగతి మెకానిక్‌కి చూపించాలి. తెల్లగా మాడినట్టుంటే ఇంజిన్ అతిగా వేడెక్కుతోంది, వెంటనే ఫిన్స్ చూడండి.

నా ఇంజిన్‌కి గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ కొనుక్కుంటే ఏళ్ళ తరబడి వస్తుంది. బిగించేటప్పుడు మొదట చేత్తోనే చివరి దాకా తిప్పాలి. స్పానర్‌తో మొదలుపెడితే మర చెడితే ఇక హెడ్డే మార్చాల్సి రావొచ్చు. చేత్తో ఆనాక కొత్త ప్లగ్‌కి అర చుట్టు, పాతదానికి పావు చుట్టు లోపు చాలు.

5. పెట్రోల్, కార్బొరేటర్

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్ళు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకి దిగుతాయి. పెట్రోల్ నిలవ ఉండేకొద్దీ జిగురు కూడా పట్టి కార్బొరేటర్ జెట్ సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. సీజన్ అయ్యాక ట్యాంకు నిండా పెట్రోల్‌తో మూలన పెట్టి, మళ్ళీ తొలకరికి తాడు లాగి లాగి భుజాలు నొప్పి పుట్టించుకునేది ఇందుకే.

నెల రోజులకి మించి నిలవ ఉన్న పెట్రోల్ వాడకండి. నెల దాటి మిషన్ ఆపుతున్నారంటే ట్యాంకు ఖాళీ చేసి, ట్యాప్ మూసి, ఇంజిన్ దానంతట అది ఆగే దాకా తిప్పండి. తర్వాత కార్బొరేటర్ అడుగు గిన్నెకి ఉండే డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలింది కూడా దించేయండి. ట్యాప్ కింద చిన్న గిన్నె ఉంటే అందులోని మడ్డి తుడవండి.

వాల్వ్ క్లియరెన్స్ మాత్రం చేతకాకపోతే మెకానిక్‌కే వదిలేయండి. నేను ఏడాదికి ఒకసారి వేసవిలో, ఆయన ఖాళీగా ఉన్నప్పుడు చూపిస్తాను. జులైలో కాదు!

తీసిన ఆయిల్ ఎక్కడ పోయాలి?

మన ఇళ్ళలో పాత ఆయిల్‌ని పందిరి గుంజలకి చెద పట్టకుండా పూసేవాళ్ళు, మిగిలింది కంచె పక్కన పోసేవాళ్ళు. నేనూ పోశాను. ఒకపక్క జీవామృతం పోసి నేలలో ప్రాణం పెంచుతూ, ఇంకోపక్క అదే నేలలో మాడిన ఇంజిన్ ఆయిల్ పోస్తే మనం చేస్తున్నదేంటి? అందులో లోహపు పొడి, హానికర పదార్థాలు ఉంటాయి. ప్రభుత్వ నిబంధనల ప్రకారం కూడా అది ప్రమాదకర వ్యర్థమే. ఇప్పుడు నేను పాత డబ్బాలోనే తిరిగి నింపి మూత పెట్టి, వాడిన ఆయిల్ సేకరించే వాళ్ళకి అప్పగించే సర్వీస్ సెంటర్‌లో ఇస్తున్నాను. పొలంలో ఆయిల్ మార్చకండి, కింద పళ్ళెం పెట్టి షెడ్డులోనే మార్చండి.

"పెట్రోల్ మిషన్ వాడుతూ ప్రకృతి వ్యవసాయమేంటి" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆచ్ఛాదన బాగా పడిన మడుల్లో నాకు వీడర్ పని ఏటికేడు తగ్గుతోంది. పూర్తిగా అవసరం లేని రోజు వచ్చే దాకా ఉన్న ఇంజిన్‌ని ఎక్కువ కాలం, తక్కువ పెట్రోల్‌తో నడిపించడమే మన చేతిలో ఉన్న పని.

గోడ మీద లెక్క

ఇప్పుడు నా దగ్గర మూడు వీడర్లున్నాయి. చుట్టుపక్కల రైతులకి అద్దెకి కూడా ఇస్తాను. మొదట్లో తిరిగొచ్చిన మిషన్ చూస్తే ఏడుపొచ్చేది. కోప్పడి లాభం లేదని ఒక పద్ధతి పెట్టాను: బ్రష్‌తో శుభ్రం చేసి, ఫిల్టర్ దులిపి తెచ్చిన వాళ్ళకి అద్దెలో యాభై రూపాయలు తగ్గింపు. మిషన్ ఇచ్చేటప్పుడే ఎలా చేయాలో చేసి చూపిస్తాను. ఇప్పుడు చాలామంది శుభ్రం చేసే తెస్తున్నారు.

షెడ్డు గోడ మీద సుద్దముక్కతో ప్రతి మిషన్‌కి ఒక గడి గీశాను. నడిచిన గంటలు, ఆయిల్ మార్చిన తేదీ, ఫిన్స్ విప్పిన తేదీ అక్కడే రాస్తాం. నోట్‌బుక్ పెడితే ఎక్కడో పోతుంది, గోడ ఎక్కడికీ పోదు. అమ్మకి కూడా ఆ లెక్క తెలుసు. యాభై గంటలు దాటితే నాకంటే ముందు తనే అడుగుతుంది, "ఏరా, నూనె మార్చావా?" అని.

మొన్న జులైలో మళ్ళీ అలాంటి ముసురే పట్టింది. వాన వెలిసిన రెండో రోజే మూడు వీడర్లూ పొలాల్లో ఉన్నాయి. అందులో ఒకటి బాబాయ్ మిరప చేలో నడిచింది. ఆయన ఇంకా మందు మానలేదు. కానీ ఆ సాళ్ళ మధ్య ఈసారికి కొట్టలేదు.

వీడియోలో చెప్పిన వరుసలోనే మీ మిషన్ తాడు మూత ఈ ఆదివారం ఒకసారి విప్పి చూడండి. లోపల ఏం కనిపించిందో నాకు రాయండి. ఇంజిన్ పట్టేశాక కాదు, ఇప్పుడే.